సాగరగర్భ శోధకుడు మారిస్ యూయింగ్

సముద్రాన్ని రత్నాకరమని మన పూర్వులు పేర్కొన్నారు. అయితే ఆ రత్నాకరం అడుగున ఏమున్నదో కన్నులారా చూసినవారు మాత్రం లేరు. భూగోళంలో మూడింట రెండు వంతులకు పైగా ఆక్రమించిన జలరాశి అడుగుభాగం ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధం వరకు మానవునికి అజ్ఞాతంగానే ఉండిపోయింది. దూరదర్శినితో చంద్రమండలంపై గల పర్వతాలను లెక్కించిన శాస్త్రజ్ఞులకు సైతం సముద్రతలాన్ని చూడడం సాధ్యం కాలేదు. నీటిలో ప్రవేశించిన సూర్యకాంతి కొన్ని వందల మీటర్లు పోయేసరికే అంతరించిపోతుంది. సముద్రపు సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. సీసపు గుండును పొడవైన తాటికి కట్టి జారవిడిచి, అది అడుగును తాకినప్పుడు తాటి పొడవును కొలవడమే నావికులు చిరకాలంగా ఎరిగిన ఉపాయం. ఆ విధంగా ఒక్కచోట లోతు కనుగొనడానికి గంటల కాలం పట్టేది. అడుగుకు కింద ఏయే పొరలున్నాయో తెలుసుకునే ప్రసక్తే లేదు.

కాంతి పోలేని చోటికి ధ్వని పోగలదు. అది నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పయనిస్తుంది. అడుగును తాకి కొంత భాగం వెనుదిరుగుతుంది. మిగిలిన భాగం బురదలోకి, రాతిలోకి చొచ్చుకొనిపోయి, ప్రతి పొర వద్దా కొంత చొప్పున తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వనులను గ్రహించి కాలాన్ని కొలిస్తే కంటికి కనిపించని లోకపు చిత్రం కాగితంపైకి వస్తుంది. ఈ సూత్రాన్ని ఆధారంగా చేసుకొని సముద్రగర్భాన్ని చదవడానికి తన జీవితాన్ని ధారపోసిన మహాశాస్త్రవేత్త మారిస్ యూయింగ్.

విలియం మారిస్ యూయింగ్ 1906 మే 12న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో లాక్నీ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తల్లిదండ్రులకు పదిమంది సంతానం. మొదటి ముగ్గురు శిశుప్రాయంలోనే మరణించడంతో నాలుగవవాడైన మారిస్ ఆ ఇంటికి పెద్దకొడుకయ్యాడు. తండ్రి వర్షాధారంగా మెట్ట వ్యవసాయం చేసేవాడు. ఆ కుటుంబంలో సంపద లేదు గాని చదువుపై మక్కువ మెండుగా ఉండేది. కనుచూపు మేర ఎండిన మైదానమే తప్ప నీటి జాడ లేని ఆ ప్రాంతంలో పుట్టిన బాలుడు ప్రపంచ సముద్రాలన్నింటినీ శోధిస్తాడని ఊహించడానికి అవకాశమే లేదు.

పదహారేళ్ల వయస్సులో విద్యార్థి వేతనం సంపాదించి ఆయన హ్యూస్టన్ నగరంలోని రైస్ విద్యాసంస్థలో చేరాడు. వేతనం చాలక రాత్రంతా తెరచి ఉండే ఒక మందుల దుకాణంలో పనిచేస్తూ, పగలు తరగతులకు హాజరవుతూ, భౌతికశాస్త్రాన్ని అభ్యసించాడు. అక్కడే 1931లో డాక్టరేట్ పట్టం పొందాడు. నిద్రను తగ్గించుకొని పనిచేసే అలవాటు ఆ దుకాణంలోనే మొదలైనదేమో! అది జీవితాంతం ఆయనను విడిచిపెట్టలేదు. తన వద్ద పనిచేసిన వారిని కూడా ఆయన అదే కొలతతో కొలిచేవాడు. అందువల్ల కొందరు ఆయనను ఆరాధించగా, మరికొందరు ఆ ఒత్తిడిని భరించలేక దూరమయ్యారు.

విద్యార్థిగా ఉన్న కాలంలో ఆయన వేసవి సెలవుల్లో చమురు అన్వేషక బృందాలతో కలిసి లూయిసియానా రాష్ట్రపు నిస్సారమైన చెరువుల్లో పనిచేశాడు. ఆనాడు అన్వేషకులు అనుసరించిన పద్ధతి ఇది: ఒకచోట పేలుడు పదార్థాన్ని పేల్చి నేలలో కంపనాలను పుట్టిస్తారు. కొంత దూరంలో వరుసగా అమర్చిన కంపనగ్రాహకాలు వాటిని నమోదు చేస్తాయి. మెత్తని మట్టిలో తరంగాలు నెమ్మదిగాను, గట్టి రాతిలో వేగంగాను పోతాయి. కాబట్టి తరంగం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి రాయి ఎంత లోతున ఉన్నదీ గణించవచ్చు. ఉప్పు గుమ్మటాల చెంత చమురు చేరి ఉంటుంది గనుక వాటిని కనిపెట్టడమే ఆ బృందాల లక్ష్యం. చెరువు నీటి కింద చేసిన పనిని సముద్రం కింద ఎందుకు చేయరాదన్న ప్రశ్న అప్పటికి ఎవరూ గట్టిగా వేయలేదు.

1930లో యూయింగ్ పెన్సిల్వేనియాలోని లేహై విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకుడుగా చేరాడు. పరిశోధనకు నిధులు లేవు. ఉన్న కొద్దిపాటి పరికరాలతోనే ఆయన, ఆయన శిష్యులు గడ్డకట్టిన సరస్సుల మీద కంపన తరంగాల గమనాన్ని పరిశీలించారు. ఆ శిష్యులలో ఒకడైన ఆల్బర్ట్ క్రేరీ తరువాతి కాలంలో ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండింటి మీదా కాలుమోపిన మొట్టమొదటి మానవుడుగా ప్రసిద్ధికెక్కాడు.

1934లో ఇద్దరు పెద్దలు యూయింగ్‌ను వెదుక్కుంటూ వచ్చారు. ఒకరు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ భూవిజ్ఞాని రిచర్డ్ ఫీల్డ్. మరొకరు అమెరికా తీరప్రాంత భూమాపన శాఖకు చెందిన విలియం బోవీ. ఖండం తీరం దాటిన తరువాత నీటి కింద కొంత దూరం నిస్సారంగా సాగి, ఆ పిమ్మట హఠాత్తుగా అగాధంలోకి వాలుతుంది. ఆ నిస్సార భాగమే ఖండతీరపు అంచు. ఆ వాలు రాతి నేల విరిగిపోవడం వల్ల ఏర్పడిందా, లేక నదులు తెచ్చి పోసిన మట్టి మేటవేయడం వల్ల ఏర్పడిందా అన్నది వారి సందేహం. ఈ సమస్యను కంపన తరంగాలతో పరిష్కరించగలవా అని వారు ఆ యువ అధ్యాపకుణ్ణి అడిగారు. పరికరాలు సమకూర్చితే చేయగలనని ఆయన అంగీకరించాడు. అమెరికా భూవిజ్ఞాన సంఘం ఇందుకు 2,000 డాలర్లు మంజూరు చేసింది. అంతవరకు ఆయన చేతికి అందిన నిధులతో పోలిస్తే అది పెద్ద మొత్తమే.

1935లో వర్జీనియా తీరానికి ఎదుట అట్లాంటిక్ సముద్రంలో, వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన అట్లాంటిస్ అనే తెరచాప ఓడ మీద ఆ ప్రయోగం జరిగింది. ఊగే ఓడ, కదిలే నీరు, ఉప్పుగాలికి తుప్పుపట్టే తీగలు ప్రతి కొలతకూ విఘ్నం కలిగించాయి. అయినా ఫలితం లభించింది. తీరం వద్ద లోతు తక్కువగా ఉన్న గట్టి రాయి సముద్రం వైపు పోయేకొద్దీ కిందికి వాలుతూ పోయింది. దానిపై పేరుకొన్న అవక్షేపాల మందం అంచు చేరేసరికి దాదాపు 12,000 అడుగులుగా తేలింది. అంత మందాన అవక్షేపాలున్న చోట చమురు కూడా ఉండవచ్చునని ఆయనకు స్ఫురించింది. వెంటనే కొన్ని చమురు సంస్థలను సహాయం కోరాడు. సముద్రంలో చేసే పని వల్ల తమ వాటాదారులకు ప్రయోజనం ఉండదని, వారి ధనంలో చిల్లిగవ్వ కూడా అందుకు వెచ్చించలేమని ఆ సంస్థలు బదులు చెప్పాయి. పన్నెండేళ్లు గడిచాక, 1947లో, లూయిసియానాకు దూరంగా, తీరం కనిపించనంత ఎడంగా తొలి చమురు బావి తవ్వబడింది. కాలమే ఆ సంస్థలకు సమాధానం చెప్పింది.

ఖండతీరపు అంచుతో ఆయనకు తృప్తి కలుగలేదు. అగాధ సముద్రం కింద ఏమున్నదో చూడాలి. ఇందుకు ఆయన ఆలోచించిన ఉపాయాలు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. పేలుడు పదార్థాన్నీ, కంపనగ్రాహకాలనూ ఓడతో సంబంధం లేకుండా సముద్రం అడుగుకు దింపాలి. పని పూర్తయ్యాక అవి వాటంతట అవే పైకి తేలాలి. గాలి నింపిన బుడగలైతే లోతులోని పీడనానికి అణగిపోతాయి. కనుక ఆయన వాటిలో పెట్రోలు నింపాడు. పెట్రోలు నీటికంటె తేలిక. పీడనానికి అంతగా కుంచించుకుపోదు. పరికరాన్ని అడుగున నిలిపే బరువులను ఉప్పు దిమ్మెలతో బంధించాడు. ఉప్పు కరిగిన తరువాత బరువు విడిపోయి పరికరం పైకి వచ్చేది. ఎన్నో పరికరాలు తిరిగి రాలేదు, వచ్చినవి పనిచేయలేదు. పేలుడు, గ్రాహకం రెండూ నీటి పైభాగాన ఉన్నప్పటికీ కొలతలు లభిస్తాయని క్రమక్రమంగా అనుభవం నేర్పింది. అంత శ్రమపడి అడుగుకు దిగనవసరం లేదని తెలుసుకోవడానికి అన్నిసార్లు అడుగుకు దిగవలసి వచ్చింది! అయితే ఆ శ్రమ వృథా కాలేదు. ఆ తేలే పరికరాలకే ఛాయాగ్రహణ యంత్రాన్ని తగిలించి ఆయన, శిష్యులు వోర్జెల్, వైన్‌లతో కలిసి అగాధ సముద్రపు నేలను ఫోటోలు తీశాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన వుడ్స్ హోల్‌లో అమెరికా నౌకాదళం కొరకు పనిచేశాడు. నీటి ఉష్ణోగ్రత లోతును బట్టి మారుతుంది; దానితో ధ్వని మార్గం కూడా వంగుతుంది. జలాంతర్గాములను కనిపెట్టడానికి ఈ జ్ఞానం అత్యవసరం. ఈ పరిశోధనలోనే ఒక అద్భుత విషయం బయటపడింది. సముద్రంలో సుమారు ఒక కిలోమీటరు లోతున ధ్వని వేగం అతి తక్కువగా ఉండే పొర ఒకటి ఉంది. ఆ పొరలో పుట్టిన ధ్వని పైకి గాని కిందికి గాని పోక, కాలువలో నీరు సాగినట్లు అందులోనే సాగిపోతుంది. 1944లో యూయింగ్ బృందం ఆ పొరలో చిన్న పేలుళ్లు జరిపి, వాటి శబ్దాన్ని 900 మైళ్ల దూరాన విన్నది. ఈ ధ్వనిమార్గానికి సోఫార్ అని పేరు. నడిసముద్రంలో చిక్కుకొన్న వైమానికులను కనిపెట్టడానికి దీనిని ఉపయోగించవచ్చునని ఆయన సూచించాడు.

ఆ సంవత్సరమే ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1949లో హడ్సన్ నదీ తీరాన కొండ అంచుపై గల ఒక సంపన్న కుటుంబపు విశాలమైన భవనం ఆ విశ్వవిద్యాలయానికి దానంగా లభించింది. అక్కడ యూయింగ్ నాయకత్వాన లామాంట్ భూవిజ్ఞాన పరిశోధనాలయం వెలసింది. వంటశాల రసాయన ప్రయోగశాలగా మారింది. 1953లో వీమా అనే మూడు తెరచాపల ఓడ ఆ పరిశోధనాలయానికి సమకూరింది. 1923లో డెన్మార్క్‌లో ఒక ధనవంతుని విహారం కొరకు నిర్మించిన ఆ ఓడ ఇప్పుడు శాస్త్రజ్ఞులకు, పేలుడు పదార్థాలకు, ఇనుప గొట్టాలకు నిలయమైంది. ఎక్కడ ఉన్నా ప్రతిదినం ఓడను ఆపి, సముద్రపు నేలలోకి గొట్టాన్ని దింపి, మట్టి స్తంభాన్ని పైకి తీయాలని ఆయన నియమం విధించాడు. ఆ మట్టి దేనికి ఉపకరిస్తుందో ముందుగా తెలియనవసరం లేదని, అవకాశం ఉన్నప్పుడు సేకరించి భద్రపరచాలని ఆయన అభిప్రాయం. ఆయన మరణించిన రెండేళ్లకు, 1976లో, భూకక్ష్యలోని మార్పులే హిమయుగాల రాకపోకలను నిర్ణయిస్తాయని నిరూపించిన ప్రసిద్ధ పరిశోధనకు లామాంట్ ఓడ ఒకటి హిందూ మహాసముద్రంలో తీసిన మట్టి స్తంభం కూడా ఆధారమయింది.

సముద్రం తన రహస్యాలను ఉచితంగా ఇవ్వలేదు. 1954 జనవరిలో వీమా ఓడ అట్లాంటిక్‌లో తుఫానులో చిక్కుకొన్నది. మేడపై కట్టిన నూనె పీపాలు కట్లు తెంచుకొని దొర్లసాగాయి. వాటిని బిగించడానికి యూయింగ్, ఆయన తమ్ముడు జాన్, ఓడ అధికారులు ఇద్దరు పైకి వచ్చారు. అంతలో ఒక మహాతరంగం నలుగురినీ సముద్రంలోకి ఊడ్చివేసింది. కల్లోల సముద్రంలో ఓడను వెనుదిప్పి ముగ్గురిని రక్షించగలిగారు. ఒక అధికారి మాత్రం దక్కలేదు. మెడకు తగిలిన దెబ్బ వల్ల యూయింగ్ శరీరంలో ఒక వైపు కొంతకాలం చచ్చుబడింది. ఆ తరువాత జీవితాంతం ఆయన కుంటుతూనే నడిచాడు. అయినప్పటికీ సముద్రయానం మానలేదు.

ఈ కాలంలోనే ఆయన బృందం సముద్రగర్భ చిత్రాన్ని స్పష్టంగా రాబట్టే పనిలో నిమగ్నమైంది. ప్రతిధ్వనిని వినడం ఒక ఎత్తు. ఆ ప్రతిధ్వని ఏ పొరనుండి వచ్చిందో విడదీసి చెప్పడం మరొక ఎత్తు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు వస్తువులను రెండుగా చూపగల శక్తిని భౌతికశాస్త్రంలో పృథక్కరణ సామర్థ్యం అంటారు. ధ్వనిచిత్రంలో ఈ సామర్థ్యం తరంగదైర్ఘ్యంపై ఆధారపడి ఉంటుంది. సెకనుకు 50 కంపనాలు గల తరంగం 2,000 మీటర్ల వేగంతో అవక్షేపంలో పయనిస్తే దాని తరంగదైర్ఘ్యం 40 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా 10 మీటర్ల కంటె పలుచని పొర పైభాగం, కింది భాగం ఆ తరంగానికి వేరువేరుగా కనిపించవు. పౌనఃపున్యాన్ని పెంచితే పలుచని పొరలు కూడా విడివడతాయి. కాని హెచ్చు పౌనఃపున్యం గల తరంగాలు లోతుకు పోకముందే క్షీణిస్తాయి. లోతు కావాలంటే స్పష్టతను, స్పష్టత కావాలంటే లోతును కొంత వదులుకోవలసిందే. సముద్రగర్భాన్ని చిత్రించేవారికి ఈ చిక్కు నేటికీ తప్పలేదు.

కాలాన్ని ఖచ్చితంగా కొలవనిదే ఏ స్పష్టతా రాదు. సెకనులో వందో వంతు పొరపాటు లోతులో ఏడున్నర మీటర్ల పొరపాటు అవుతుంది. ఆనాటి లోతుమాపకాలు ఓడలోని విద్యుత్తుపై ఆధారపడేవి. ఆ విద్యుత్తు నిలకడ లేనిది. అట్లాంటిస్ ఓడలో ఎవరైనా ఆకలివేసి శీతలయంత్రం తలుపు తెరిస్తే చాలు, లోతుమాపకం తడబడేది! ఓడ విద్యుత్తుతో నిమిత్తం లేకుండా తన కాలాన్ని తానే కచ్చితంగా లెక్కించుకొనే లోతు నమోదు యంత్రాన్ని 1950వ దశకంలో లామాంట్ శాస్త్రజ్ఞులు రూపొందించారు. మూడు వేల బారల లోతులో ఒక బార తేడాను కూడా అది చూపగలిగింది. అంతవరకు గతుకులుగా అనిపించిన అగాధ సముద్ర మైదానాలు అద్దంలా చదునైనవని అప్పుడు తెలిసింది.

నేల కింది పొరలను చూడడం ఇంతకంటె కష్టం. ఇందులో యూయింగ్‌కు తోడుగా నిలిచినవాడు తమ్ముడు జాన్. ఓడ సాగుతూ ఉండగానే నిర్ణీత కాలవ్యవధిలో చిన్న పేలుడు పొట్లాలను నీటిలోకి విసిరేవారు. ఓడ వెనుక తోకలా లాగుతున్న తీగలోని హైడ్రోఫోన్లు ప్రతిధ్వనులను వినేవి. అయితే నీటిలో లాగబడుతున్న తీగ స్వయంగా రొద చేస్తుంది. ఆ రొదలో లోతునుండి వచ్చే సన్నని ప్రతిధ్వని మునిగిపోతుంది. దీనికి వారు కనుగొన్న పరిష్కారం చాలా సులభమైనది. పేలుడుకు ముందు క్షణంలో తీగను వదులుచేస్తారు. వదులైన తీగ కొద్దిసేపు నీటిలో కదలక నిశ్శబ్దంగా తేలుతుంది. ఆ నిశ్శబ్దంలో ప్రతిధ్వనిని గ్రహించి, మళ్లీ తీగను లాగుకొంటారు. ఈ తంతు రేయింబవళ్లు, నెలల తరబడి, సముద్రం తరువాత సముద్రంలో సాగింది. పేలుడు పొట్లాలను చేతితో విసరడం ప్రాణాపాయంతో కూడిన పని అని వేరే చెప్పనక్కరలేదు.

పేలుడుతో మరొక చిక్కు ఉంది. నీటిలో పేలుడు జరిగినపుడు వాయువు బుడగగా వ్యాకోచించి, నీటి పీడనానికి కుంచించుకొని, తిరిగి వ్యాకోచిస్తుంది. ప్రతిసారి ఒక కొత్త శబ్దం పుడుతుంది. అందుచేత ఒకే పొరనుండి రెండు మూడు ప్రతిధ్వనులు వచ్చి, లేని పొరలు ఉన్నట్లు భ్రమ కలిగిస్తాయి. 1960వ దశకంలో పేలుడు పదార్థాల స్థానాన్ని గాలితుపాకులు ఆక్రమించాయి. అధిక పీడనంలో బంధించిన గాలిని అవి ఒక్కసారిగా నీటిలోకి వదులుతాయి. వేరువేరు పరిమాణాల తుపాకులను ఒకే క్షణాన పేల్చితే వాటి తొలి శబ్దాలు కలిసి బలపడతాయి. బుడగల శబ్దాలు వేరువేరు వేళల్లో పుట్టి ఒకదానినొకటి అణచివేస్తాయి. ఒకే బిందువునుండి అనేక గ్రాహకాలకు అందిన ప్రతిధ్వనులను కలిపి రొదను తగ్గించే విధానాన్ని అమెరికన్ ఇంజనీరు హ్యారీ మేన్ 1950లోనే ప్రతిపాదించాడు. గణన యంత్రాలు వచ్చాక అది అంతటా వ్యాపించింది. యూయింగ్ సోదరులు ఒక్క గీతగా చూసిన దానిని తరువాతి తరం మూడు పరిమాణాలలో చూడగలిగింది. మన కాకినాడకు ఎదుట బంగాళాఖాతంలో కృష్ణా గోదావరీ నదులు తెచ్చి పోసిన అవక్షేపాల అడుగున, 2002లో వెలుగుచూసిన సహజవాయు నిక్షేపాలు ఇటువంటి త్రిపరిమాణ చిత్రాల ద్వారానే బయటపడ్డాయి.

ఇంత శ్రమపడి చిత్రించిన సముద్రగర్భం పాత నమ్మకాలను తలకిందులు చేసింది. సముద్రం సృష్ట్యాదినుండి ఉన్నదే అయితే కోట్లాది సంవత్సరాల మట్టి దాని అడుగున కిలోమీటర్ల మందాన పేరుకొని ఉండాలి. కాని అగాధ సముద్రంలో చాలాచోట్ల అవక్షేపాల మందం ఒక కిలోమీటరుకు కూడా మించలేదు. ఖండాల కింద సుమారు 35 కిలోమీటర్ల మందం గల భూపటలం సముద్రాల కింద ఆరేడు కిలోమీటర్లే ఉన్నది. సముద్రం మునిగిపోయిన ఖండం కాదని, దాని నేల స్వభావమే వేరని దీనితో తేలిపోయింది. అట్లాంటిక్ మధ్యలో పర్వతశ్రేణి, దాని నడినెత్తిన లోతైన పగులు లోయ ఉన్నట్లు లామాంట్‌లో పటాలు గీసే మేరీ థార్ప్ 1952లో గుర్తించింది. ఆమె సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట నమ్మలేదు. భూకంప కేంద్రాలన్నీ ఆ లోయ వెంబడే వరుస తీరి ఉన్నాయని తెలిసిన తరువాత సందేహం తీరింది. ఈ శ్రేణి భూగోళాన్ని చుట్టి సుమారు 65,000 కిలోమీటర్లు సాగుతుందని యూయింగ్, హీజెన్ 1956లో ప్రకటించారు. లోయను కనుగొన్న థార్ప్‌కు మాత్రం స్త్రీ అయిన కారణాన ఆ రోజుల్లో పరిశోధన నౌక ఎక్కే భాగ్యం దక్కలేదు. అనంతర కాలంలో యూయింగ్‌కు, హీజెన్‌కు మధ్య తలెత్తిన విభేదాల ఫలితాన్ని కూడా ఆమె అనుభవించవలసి వచ్చింది. తన పటాలను ఇంటివద్దనే గీసుకొన్నది. యూయింగ్ జీవితంలో ఇది మెచ్చదగిన ఘట్టం కాదు.

పలుచని అవక్షేపం, పగులు లోయ, భూకంపాల వరుస అన్నీ ఒకే దిశను సూచిస్తున్నాయి. సముద్రపు నేల ఆ లోయలో కొత్తగా పుట్టి ఇరువైపులా జరుగుతున్నదని, ఖండాలు కదులుతున్నాయని 1960వ దశకం తొలినాళ్లలో కొందరు ప్రతిపాదించారు. విచిత్రమేమంటే, ఆ వాదానికి కావలసిన సాక్ష్యాన్ని అందరికంటె ఎక్కువగా సేకరించిన యూయింగ్ దానిని నమ్మలేదు. సిద్ధాంతాలు వస్తాయి, పోతాయి. కొలతలు నిలుస్తాయి అన్న పట్టుదల ఆయనది. మధ్య సముద్రాల్లో అవక్షేపాలు చెదరకుండా పొరలుపొరలుగా ఉండడం చూసి, నేల కదిలి ఉంటే అవి అలా ఉండేవా అని ఆయన సంశయించాడు. ఆయన నిష్ఠకు ఇది తార్కాణమని కొందరు, తన ముంగిట ఉన్న సత్యాన్ని చూడలేకపోయాడని మరికొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది.

1966లో ఎల్టానిన్ అనే ఓడ దక్షిణ పసిఫిక్‌లో నమోదు చేసిన అయస్కాంత కొలతలు లామాంట్ పరిశోధకుల చేతికి వచ్చాయి. పర్వతశ్రేణికి ఎడమ కుడి వైపుల రేఖలు అద్దంలో ప్రతిబింబాల వలె సరిపోయాయి. ఆ పరిశోధనాలయంలోనే భూకంపాలను పరిశీలిస్తున్న యువకులు కూడా అదే నిర్ణయానికి వచ్చారు. యూయింగ్ తన శిష్యుల నోరు నొక్కలేదు. వారి పరిశోధనలు ఆయన పరిశోధనాలయం పేరుతోనే ప్రపంచానికి వెల్లడయ్యాయి. ఆయన కూడా కొంతకాలానికి సముద్రతల విస్తరణను అంగీకరించాడు. జీవితకాలం కూడబెట్టిన కొలతలు తన అభిప్రాయానికే ఎదురు తిరిగినపుడు కొలతల పక్షాన నిలబడడం అరవై ఏళ్ల వయస్సులో సులభమైన పని కాదు.

1968లో గ్లోమార్ చాలెంజర్ అనే ఓడ అగాధ సముద్రపు నేలను తొలిచే మహాప్రయత్నం ఆరంభించింది. దాని మొదటి యాత్రకు యూయింగ్, వోర్జెల్ నాయకత్వం వహించారు. ధ్వనిచిత్రాల్లో కనిపించిన ఆకారాలు నిజమో కాదో తేల్చుకొనే అవకాశం ఆయనకు ఇన్నాళ్లకు లభించింది. మెక్సికో సింధుశాఖ నడుమ, 3,572 మీటర్ల నీటి కింద, ఒక గుట్టలాంటి ఆకారాన్ని తొలిచారు. అది ఉప్పు గుమ్మటమేనని తేలింది. దానిపైనున్న రాతిలో చమురు జాడలు సైతం కనిపించాయి. నలభై ఏళ్ల కిందట లూయిసియానా చెరువుల్లో వెదికిన ఉప్పు గుమ్మటమే అగాధ సముద్రం అడుగున ఎదురైంది. అట్లాంటిక్ గర్భంలో యూయింగ్ సోదరులు ఏనాడో గుర్తించి 'ఏ' అని పేరుపెట్టిన ప్రస్ఫుటమైన పొర గట్టి చెకుముకి రాయి అని కూడా సముద్రాన్ని తొలిచిన యాత్రల్లోనే తెలిసింది.

భూమిని వినడం నేర్చిన చెవి చంద్రుణ్ణి కూడా విన్నది. అపోలో వ్యోమగాములు చంద్రతలంపై నిలిపిన కంపనమాపకాల పరిశోధక బృందంలో యూయింగ్ సభ్యుడు. 1969 నవంబరులో అపోలో 12 చంద్రనౌక పైభాగాన్ని ఉద్దేశపూర్వకంగా చంద్రునిపై కూల్చినప్పుడు పుట్టిన కంపనాలు దాదాపు గంటసేపు ఆగలేదు. భూమిపై అటువంటి కంపనాలు కొద్ది నిమిషాల్లోనే సద్దుమణుగుతాయి.

1972లో యూయింగ్ తాను స్థాపించి పెంచిన లామాంట్‌ను విడిచి, స్వరాష్ట్రమైన టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు చేరి, అక్కడి విశ్వవిద్యాలయ విభాగంలో మళ్లీ మొదటినుండి పని ప్రారంభించాడు. 1973 సంవత్సరపు అమెరికా జాతీయ విజ్ఞాన పతకం ఆయనకు ప్రకటింపబడింది. 1974 మే 4న, అరవై ఎనిమిదో జన్మదినానికి ఎనిమిది రోజుల ముందు, మెదడులో రక్తస్రావం వల్ల ఆయన కన్నుమూశాడు. వీమా ఓడ 1981 వరకు సముద్రాల్లో తిరిగి, పది లక్షల మైళ్లకు పైగా పయనించి విశ్రాంతి తీసుకొన్నది. 1990లో మారిస్ యూయింగ్ పేరు పెట్టిన ఒక కొత్త పరిశోధన నౌక లామాంట్‌లో సేవలు ప్రారంభించింది. ఇరవై గాలితుపాకులతో, కిలోమీటర్ల పొడవున సాగే హైడ్రోఫోన్ల తీగతో ఆ ఓడ పదిహేనేళ్లు సముద్రగర్భాలను చిత్రించింది. 2002లో కాలిఫోర్నియా సింధుశాఖలో అది పనిచేస్తున్న సమయాన రెండు తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొని వచ్చి మరణించాయి. ఆ మరణాలకు గాలితుపాకుల శబ్దమే కారణమా అన్న వివాదం న్యాయస్థానానికి చేరగా, అక్కడి ప్రయోగాలు నిలిచిపోయాయి. అప్పటినుండి ఇటువంటి ఓడలు శబ్దం మొదలుపెట్టేముందు చుట్టుపక్కల తిమింగలాలు ఉన్నాయేమోనని మరింత శ్రద్ధగా గమనించసాగాయి. 2005లో మారిస్ యూయింగ్ ఓడ సేవల నుండి విరమించింది.